కొండి వేసిన అష్రఫీ

నాందేడ్‌లో మా అక్క పోయి పదకొండు నెలలు. సంవత్సరీకంలోపే ఆమె అష్రఫీ సంగతి తేలిపోవాలని అక్క పెద్దబిడ్డ పట్టుపట్టింది. సరాఫాకు పోతూ పోతూ మా ఇంటికొచ్చి, రుమాలు ముడి విప్పి నా అరచేతిలో పెట్టింది.

నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలపు బంగారు అష్రఫీ. తులానికి కొంచెం తక్కువ, పదకొండు గ్రాముల పైచిలుకు. ఒకవైపు చార్మినార్, నడిమి కమానులో ఉస్మాన్ పేరులోని మొదటి అక్షరం ‘ఐన్’. మా అమ్మ మెడ మీద ఏళ్లకేళ్లు ఒరుసుకుని మీనార్లు నునుపెక్కాయి. పై అంచున కొండి ఉంది. మాటు పెట్టిన చోట రంగు ఇప్పటికీ కొంచెం తేడాగా కనిపిస్తుంది.

“కరిగిస్త చిన్నమ్మా. రెండు ఉంగరాలు చేయిస్త. నాకొకటి, చెల్లెకొకటి. ఇండ్ల తప్పేమున్నది?”

“తప్పని ఎవరన్నరు బిడ్డా? నీకు వచ్చింది ఏంది? బంగారమా, అష్రఫీయా?”

“రెండూ ఒకటే కద.”

“ఒకటే అయితే మీ అమ్మమ్మ కొండి ఎందుకు వేయించినట్టు?”

ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఉంది. ధర్మాబాద్‌లో మిరపకు మంచి ధర పలికిన ఏడు మా నాయన దీన్ని కొన్నాడు. కొని సందుకులో పెట్టాడు. సందుకు తాళంచెవి మా తాత మొలతాటికి ఉండేది. అంటే అష్రఫీ ఇంటిది, ఇల్లు మగవాళ్లది. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చేదాకా వారసత్వంగా వచ్చిన ఆస్తి మీద కూడా ఆడదానికి సాధారణంగా పూర్తి హక్కు లేదు. ఒంటి మీది నగ మాత్రం స్త్రీధనం. మా అమ్మకు చదువు రాదు, చట్టం తెలియదు. అయినా ఒకనాడు దీన్ని అడిగి తీసుకుని, ఔసలాయన దగ్గరికి పోయి కొండి వేయించింది. దారానికి ఎక్కించి మెడలో వేసుకున్నది. ఆ పొద్దు నుంచి అది ఆమెది. ఎవరూ అడగలేదు.

“అంటే కొండితోనే సొంతమైందంటవా?”

“అవును. సంతకం పెట్టరానామె పెట్టిన సంతకం అది.”

ఆమె నాణేన్ని వెలుతురుకు తిప్పి చూసింది. “మరి అప్పటి రూపాయలు ఏమైనయి చిన్నమ్మా?”

అడగవలసిన చోట అడిగిన ప్రశ్న కాదు గానీ, చెప్పకుండా ఉండలేకపోయాను. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా వేరు, బ్రిటిష్ రూపాయి వేరు. ఇటు ఏడు ఇస్తే అటు దాదాపు ఆరు. 1948 సెప్టెంబరులో ఐదు రోజుల పోలీసు చర్యతో రాజ్యం పోయింది. హాలీ కూడా కొన్నేళ్లకే చెల్లకుండా పోయింది. 1956లో నాందేడ్ బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960లో మహారాష్ట్ర అయింది. మా చుట్టాలు సగంమంది నిజామాబాద్ వైపు ఉండిపోయారు, మేము ఇటు ఉండిపోయాం. 1963 జనవరిలో ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ పద్నాలుగు క్యారెట్లు దాటి నగ చేయొద్దన్నప్పుడు ఔసలోళ్ల కుంపట్లు చల్లారిపోయాయని అమ్మ చెప్పేది. మాకు కొండి వేసిన ఆయన కూడా అప్పుడే పని మానేశాడట. ఆయన చేతి పని ఇంక ఎక్కడ మిగిలిందో నాకు తెలియదు, ఇక్కడ మాత్రం ఉంది.

“పాత నాణేలు కొనేటోళ్లకు అమ్మితే?”

“కొండి పడ్డ నాణేనికి వాళ్లు ధర తగ్గిస్తరు. పోనీయ్.”

“దొంగల భయం?”

“అది ఉంగరానికీ ఉంటది.”

అప్పుడు ఆమె అసలు మాట తీసింది. దానికి తేలిగ్గా జవాబు చెప్పడం నాకు చేతకాదు, చెప్పకూడదు కూడా. “అమ్మకు మేమిద్దరం. అష్రఫీ ఒక్కటే. నేను ఉంచుకుంటే చెల్లెకు అన్యాయం, దానికిస్తే నాకు మనసు కష్టం. కరిగిస్తే ఇద్దరికీ సమానం. న్యాయం కంటే గుర్తు పెద్దదా?”

“సమానంగా ఏమొస్తదో చూడు. సరాఫాల మిషన్‌ల పెడితే నూటికి 91 అంటడు. ఇరవై రెండు క్యారెట్ల హాల్‌మార్క్‌కు 91.6 కావాలె. తరుగు తీస్తడు, కూలి తీస్తడు. చేతికొచ్చేది చెరి అయిదు గ్రాములు.”

“తక్కువైనా సమానమే కద.”

ఆమె మాట సరైనదే. లెక్కతో గెలిచే వాదం కాదు ఇది. నేను దారి మార్చాను. “సమానంగా పంచుకునేది బంగారాన్ని. అమ్మమ్మ తనదని చెప్పుకున్న ఆ ఒక్క పనిని ఎట్ల పంచుతవ్? కుంపట్ల పెడితే మొట్టమొదట కరిగేది కొండి మాటే. నీకూ దక్కదు, చెల్లెకూ దక్కదు. సమానంగా ఇద్దరికీ పోతది.”

“మరి ఎట్ల?”

“వంతు. నా పెండ్లికి నా మెడల ఉండె. మీ అమ్మ పెండ్లికి మీ అమ్మ మెడల. బాసరల నీ అక్షరాభ్యాసంనాడు నిన్ను ఒళ్లో కూసుండబెట్టుకున్నప్పుడు అమ్మమ్మ మెడల. ఎవ్వరం మాది అని దాచలే. దసరా నుంచి దసరాకు ఒకరి దగ్గర. లాకర్ల మాత్రం పెట్టొద్దు. సందుకుల నుంచి బయటికి తెచ్చిందే ఆమె.”

“చెల్లె ఒప్పుకోకుంటే?”

“మొదటి వంతు దానికే ఇయ్యి.”

అంతకు మించి ఆమె వాదించలేదు. ఇంకొంచెం వాదిస్తుందనుకున్నాను. రుమాలు మడిచి సంచిలో పెట్టుకుంది. అక్క నల్లపూసల దారం నా దగ్గరే ఉంటే తెచ్చి ఇచ్చాను. కొండిలోంచి దూర్చడానికి కొసను నాలుకతో తడిపి, రెండుసార్లు తప్పి, మూడోసారి ఎక్కించింది. దసరా దాకా తనే వేసుకుని, చెల్లెలు వచ్చినప్పుడు ఇస్తానంది.

మెడ వెనక ముడి నేనే వేశాను.

“సల్లగున్నది చిన్నమ్మా.”

“కొంచెంసేపు ఆగు బిడ్డా. నీ ఒంటి వేడి ఎక్కుతది.”