రెండు వసంతములు

ప్రారంభమును మెచ్చుకొనుట మనకు సులభము. బడి తెరచిన దినమున పిల్లవానిని, క్రొత్త ఉద్యోగములో చేరిన నాడు యువకుని మనము దీవించుచున్నాము. అయితే ఆ ప్రారంభమునకు వారు చెల్లించిన వెల యెంతయని అడుగుట అరుదు. ఇద్దరు ఒకే పనిని మొదలుపెట్టినప్పుడు, లేక ఇద్దరికి ఒకే పరీక్ష ఎదురైనప్పుడు, వారిని ఒకే త్రాసులో తూచవచ్చునా? అమెరికా దేశమున బేస్‌బాల్ ఆటలో, వరుసగా రెండు వసంతకాలములందు జరిగిన సంగతి ఈ ప్రశ్నను ఆలోచించుటకు మనకు సాయపడును.

బేస్‌బాల్ మనమెరిగిన క్రికెట్టువలెనే బంతిని కర్రతో కొట్టు ఆట. అక్కడ పెద్ద లీగు జట్లకు దిగువను చిన్న లీగుల జట్లు మెట్లు మెట్లుగా ఉన్నవి. వాటిలో డబుల్ ఏ అనునది పెద్ద లీగునకు రెండు మెట్లు దిగువ. అందలి ఆటగాళ్లు ప్రతి యేడును ఏప్రిల్ మాసములో క్రొత్త ఆటకాలమును ఆరంభింతురు. రాత్రులు బస్సులలో ప్రయాణము చేసి ఊరూర ఆడుదురు. పైమెట్టునుండి పిలుపు వచ్చునేమోయని కనిపెట్టుకొని యుందురు. వారిలో అధిక సంఖ్యాకులకు పెద్ద లీగు పిలుపు ఎన్నడును రాదు. అయినను మరుసటి ఏప్రిల్‌లో వారు మరల కర్ర పట్టుదురు.

1994వ సంవత్సరము ఏప్రిల్ 8వ తేదీన, అలబామా రాష్ట్రమునకు చెందిన బర్మింగ్‌హామ్ బారన్స్ అను డబుల్ ఏ జట్టు తన ఆటకాలమును ఆరంభించెను. ఆ రాత్రి పదివేలకు పైగా జనులు కూడిరి. వారు చూడవచ్చినది మైకేల్ జోర్డన్‌ను. 1991 మొదలు 1993 వరకు వరుసగా మూడేండ్లు చికాగో జట్టును బాస్కెట్‌బాల్‌లో విజేతగా నిలిపిన వాడతడు. 1993 జూలైలో అతని తండ్రి హత్య చేయబడెను. కుమారుడు బేస్‌బాల్ ఆడగా చూడవలెనని ఆ తండ్రి కోరిక. అక్టోబరులో జోర్డన్ బాస్కెట్‌బాల్ మాని, పాఠశాల దినముల తరువాత విడిచిపెట్టిన ఆటను 31 ఏండ్ల వయస్సున మరల చేపట్టెను.

ఆ మొదటి రాత్రి అతనికి ఒక్క హిట్టయినను దొరకలేదు. అంతకు ముందు నెలలోనే ఒక ప్రసిద్ధ క్రీడావారపత్రిక, ఈ పని మానుకొమ్మని ముఖపత్రము మీదనే అతనికి సలహా చెప్పియుండెను. అతడు మానలేదు. ఆ యేడు 127 ఆటలాడెను. లెక్కకు వచ్చిన 436 పర్యాయములలో 88 హిట్లు మాత్రమే సంపాదించెను. అనగా నూటికి ఇరువది. మంచి ఆటగాడు నూటికి ముప్పది సంపాదించును. 114 పర్యాయములు బంతిని కొట్టలేక వెనుదిరిగెను. జూలై 30వ తేదీన మొట్టమొదటి హోమ్ రన్ కొట్టినప్పుడు ఆకాశమువైపు వ్రేలు చూపెను. మరునాడు అతని తండ్రి పుట్టినదినము.

లోకములో అగ్రస్థానమునందున్న వాడు అడుగు మెట్టునకు దిగి, నవ్వులపాలగుటకు వెరువక, నేర్చుకొనువాడై నిలుచుట చిన్న సంగతి కాదు. పేరు సంపాదించుకొనిన తరువాత క్రొత్త పని నేర్చుకొనుటకు మనలో ఎందరు ఒప్పుకొందుము? తెలియదని చెప్పుటకే సిగ్గుపడుదుము గదా.

అయితే ఆ బస్సులో తక్కిన ఆటగాళ్లును ఉండిరి. వారి పేర్లు మనమెరుగము. జోర్డన్‌కు ఆ జట్టులో ముట్టిన జీతము నెలకు 850 డాలర్లు. కాని అతని బాస్కెట్‌బాల్ జీతమును ఆ జట్టు యజమాని ఆ యేడును చెల్లించుచునే యుండెను. ఓడినను అతనికి తిరిగి వెళ్లుటకు ఇల్లును పేరును ఉండెను. తక్కినవారికి ఆ చిన్న జీతమే జీవనాధారము. వారికి జనసమూహములు రాలేదు. ఒక్క యేడు అతడు చేసినందుకు లోకము ఆశ్చర్యపడిన పనిని వారు ఏటేట చేయుచుండిరి. ఒక యువకునికి దొరకవలసిన చోటును ఇతడు తీసికొనెనని అప్పుడు కొందరు నిందించిరి. ఆ నిందలో కొంత న్యాయము లేకపోలేదు.

ఇక రెండవ వసంతము. పెద్ద లీగు ఆటగాళ్లు 1994 ఆగస్టు 12 నుండి సమ్మె చేసిరి. ఆ యేటి తుది పోటీలు సయితము రద్దయ్యెను. 1995 ఆరంభమున యజమానులు, సమ్మెలో ఉన్నవారికి బదులు ఇతరులను దింపి ఆట సాగింపనెంచి, చిన్న లీగుల వారిని సన్నాహపు ఆటలకు పిలిచిరి. జోర్డన్ ఒప్పుకొనలేదు. ఇతరుల సమ్మెను చెరచి పైకెక్కుట అతనికి ఇష్టము లేదు. మార్చి 10వ తేదీన బేస్‌బాల్‌ను విడిచిపెట్టి, కొన్ని దినములకే బాస్కెట్‌బాల్‌లో తిరిగి చేరెను. ఆరంభించుటయే గాక ఆరంభింపక మానుటయు ధైర్యమేయని అతడు చూపెను.

అయితే అదే పిలుపు పేద ఆటగాళ్లకును వచ్చెను. వారిలో కొందరు నిరాకరించిరి. కొందరు ఇంటి అక్కరలనుబట్టి ఒప్పుకొనిరి. నెల తిరుగకముందే న్యాయస్థానపు ఉత్తరువుతో సమ్మె ముగిసెను. బదులు ఆటగాళ్లతో అసలు పోటీ ఒక్కటియు జరుగలేదు. కాని ఆ సన్నాహపు ఆటలాడిన వారిలో కొందరు తరువాత పెద్ద లీగునకు చేరినను, ఆటగాళ్ల సంఘము వారిని సభ్యులుగా చేర్చుకొనలేదు.

ఇచ్చట మనము తొందరపడి తీర్పు చెప్పరాదు. తోటివారి పోరాటమును చెరచుట తప్పే. దానిని ఒప్పు అని మేము చెప్పబోము. కాని విడిచిపెట్టుటకు వేరొక ఐశ్వర్యము గలవాడు చేసిన నిరాకరణను, ఏమియు లేనివాడు చేసిన ఒప్పుకోలును ప్రక్కప్రక్కన పెట్టి, ఒకనిని వీరుడని, ఒకనిని ద్రోహియని పిలుచుట న్యాయమగునా? కానుక పెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలి సంగతి చదువరులెరుగుదురు. అచ్చట కానుక కొలవబడినది వేసిన దానినిబట్టి కాదు, ఆమెకు మిగిలిన దానినిబట్టి. త్యాగమును ఆ కొలతతో కొలిచినయెడల తప్పిదమును కూడ ఆ కొలతతోనే కొలువవలెను గదా. పేరు లేకయే నిరాకరించిన పేద ఆటగాడు జోర్డన్ కంటె ఎక్కువ ఇచ్చినవాడు. లోబడిన పేదవాడు మనమనుకొనిన దానికంటె తక్కువ దోషి.

మరియొక సంగతి మరువరాదు. ఏ సంఘము నిమిత్తము ఆ చిన్న లీగుల వారు 1995లో తమ ఆశలను విడువవలసి వచ్చెనో, ఆ సంఘములో వారికప్పుడు చోటు లేదు. 2022లో మాత్రమే ఆ సంఘము వారి తరపున మాటలాడుటకు పూనుకొనెను. 2023లో కుదిరిన మొదటి ఒడంబడికచేత, డబుల్ ఏ ఆటగాని కనీస జీతము ఏటికి 13,800 డాలర్ల నుండి 30,250 డాలర్లకు పెరిగెను. వారు వేచిన కాలమును తలంచినప్పుడు ఒక మాట చెప్పకతప్పదు: ఎవరిని మన బల్లయొద్దకు పిలువలేదో, వారు మన కొరకు ఆకలి ఓర్చుకొనలేదని నిందించుటకు ముందు మనము కొంచెము సిగ్గుపడవలెను.

కావున ప్రియ చదువరులారా, మన మధ్య ఎవరైనను ఒక పనిని క్రొత్తగా ఆరంభించినప్పుడు, గెలుచునా ఓడునా అని మాత్రమే చూడక, ఓడినచో అతనికేమి మిగులునని అడుగుదము. ఏమియు మిగలదని తెలిసినయెడల చప్పట్లు చాలవు, చేయి అందింపవలెను. ఎవరైనను తప్పిపోయినప్పుడును ఆ ప్రశ్ననే అడిగి, అటుపిమ్మట నోరు తెరతము. వచ్చు ఏప్రిల్‌లోను ఆ చిన్న ఊళ్లలో ఆట ఆరంభమగును. వార్తాపత్రికలో చోటు దొరకని వారు ఎందరో ఆనాడు మరల కర్ర పట్టుకొని నిలిచెదరు.