సగం చెప్పిన సంగతి

పెళ్ళిసంబంధం చూడటంలో మన ఆడవాళ్ళకున్న తెలివి పత్రికలవాళ్ళకు కూడా వుంటే ఎంత బావుండునో అనిపిస్తుంది నాకు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. అబ్బాయి గురించి ఏదో మాట వినబడిందనుకోండి. "అయ్యో, అలాగా!" అని వూరుకుంటామా? ఏం జరిగింది? ఎప్పుడు జరిగింది? ఆ తర్వాత ఏమయింది? దానికి వాళ్ళేమంటారు? ఇప్పుడెలా వుంటున్నాడు? ఇన్నీ వాకబు చేస్తే గానీ తాంబూలాలు పుచ్చుకోం. మరి మనల్ని ఏలేవాళ్ళ విషయంలో మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతామేం?

ఆగిపోతామంటే పాపం, మనకు అందేది చాలాసార్లు అంతవరకే. ఆరోపణ వచ్చిన రోజున ఒక్కో అక్షరం అరచెయ్యంత వుంటుంది. కేసు తేలిన రోజున ఏ లోపలి పేజీలోనో, చీరల తగ్గింపు ధరల ప్రకటన పక్కన, నాలుగు ముక్కలు.

పి.వి. నరసింహారావుగారి సంగతే చూడండి. 1993 జూలై 28న లోక్‌సభలో ఆయన ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం వచ్చింది. అటు 251 మంది, ఇటు 265 మంది. పధ్నాలుగు ఓట్ల తేడాతో గట్టెక్కారు. జార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులకు డబ్బిచ్చి ఓట్లు వేయించుకున్నారని తర్వాత కేసు నడిచింది. 2000 సెప్టెంబరులో ఢిల్లీలోని ప్రత్యేక కోర్టు ఆయన్ని దోషి అంది. ప్రధానమంత్రిగా చేసిన మనిషి దోషిగా తేలడం ఈ దేశంలో అదే మొదలు. ఆ వార్త మారుమోగిపోయింది. 2002 మార్చిలో హైకోర్టు, అప్రూవరుగా మారిన మనిషి సాక్ష్యం నమ్మదగ్గది కాదని చెప్పి, ఆ తీర్పు కొట్టేసింది. లండన్ ఊరగాయల వ్యాపారి లఖూభాయ్ పాఠక్‌ను మోసం చేశారన్న కేసు కూడా 2003 డిసెంబరులో వీగిపోయింది. మరుసటి డిసెంబరులోనే ఆయన వెళ్ళిపోయారు. కేసులున్నాయని ఎందరికి తెలుసో, కొట్టేశారని అందులో ఎందరికి తెలుసు?

ఇక్కడితో కథ అయిపోలేదు. 2024 ఫిబ్రవరి 9న ఆయనకు భారతరత్న ప్రకటించారు. మార్చి 30న రాష్ట్రపతి చేతుల మీదుగా కుటుంబం అందుకుంది. ఆ రెండు తారీఖుల మధ్య, మార్చి 4న, సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. లంచం పుచ్చుకుని సభలో ఓటేసినవాళ్ళ మీద కేసు నడపడానికి వీల్లేదని 1998లో అదే కోర్టు అన్నది. ఆ కేసు పేరే "పి.వి. నరసింహారావు కేసు". ఏడుగురు న్యాయమూర్తులు కలిసి ఆ మాట తప్పని తేల్చారు. బిరుదు వచ్చిందని పాత అధ్యాయం చింపెయ్యకూడదు. పాత అధ్యాయం వుందని హైకోర్టు మాట దాచెయ్యకూడదు. రెండూ ఒకే మనిషి కథలోవే, రెండూ నిజాలే. ఒక్కటి చెప్పి వూరుకుంటే అది అబద్ధం కాకపోవచ్చు గానీ, నిజం మాత్రం కాదు.

ఇంకొకరున్నారు. మన హైదరాబాదు బిడ్డే, బంగారు లక్ష్మణ్‌గారు. దళిత కుటుంబం నుంచి వచ్చి 2000లో భారతీయ జనతా పార్టీకి అధ్యక్షులయ్యారు. ఆ కులాల నుంచి ఆ కుర్చీ ఎక్కినవారిలో ఆయనే మొదటివారు. లేని ఆయుధాల కంపెనీ పేరు చెప్పుకుని వచ్చిన తెహెల్కా విలేకరుల దగ్గర లక్ష రూపాయలు తీసుకుంటూ రహస్య కెమెరాకు చిక్కారు. ఆ బొమ్మ 2001 మార్చిలో బయటపడింది. పార్టీ నిధికే తీసుకున్నానన్నారు. పదవి పోయింది. 2012లో కోర్టు నాలుగేళ్ళ శిక్ష వేసింది. హైకోర్టు బెయిలిచ్చింది. 2014 మార్చి 1న మన సికింద్రాబాదులోనే ఒక ఆస్పత్రిలో కన్నుమూశారు. తప్పు తప్పే, నేను కాదనను. కానీ ఆయన పేరెత్తితే ఈనాటికీ అదే బొమ్మ. అరవై ఏళ్ళు దాటిన మనిషి బతుకంతా ఆ నోట్ల కట్ట దగ్గర ఆగిపోయింది. మనిషికి వయసొస్తుంది గానీ బొమ్మకు రాదు కదా!

దీని పక్కన మర్రి చెన్నారెడ్డిగారిని పెట్టి చూడండి. 1967 ఎన్నికలో అక్రమాలు జరిగాయని కోర్టు ఆయన ఎన్నిక రద్దు చేసింది. ఆరేళ్ళు పోటీకి పనికిరారంది. అంతటి మాట పడ్డాయన 1974లో ఉత్తరప్రదేశ్ గవర్నరయ్యారు. 1978లోనూ 1989లోనూ మన ముఖ్యమంత్రి అయ్యారు. శిక్షాకాలం అయిపోయింది, జనం ఓటేశారు, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ పాత తీర్పు ఇప్పుడెవరు తలుస్తారు? మళ్ళీ లేచి నిలబడ్డవాడి మచ్చ కనబడదు. పడిపోయినవాడికి మచ్చ తప్ప ఇంకేమీ కనబడదు. అంటే మనం గుర్తుపెట్టుకునేది తప్పును బట్టి కాదు, బలాన్ని బట్టి అన్నమాట. కోర్టు వేసే శిక్షకు ఆరేళ్ళనో నాలుగేళ్ళనో ఒక లెక్క వుంటుంది. పత్రికలు, టీవీలు వేసే శిక్షకు లెక్కా లేదు, అప్పీలూ లేదు.

ఈ సగం మాట చేసే పని ఏమిటో ఆడవాళ్ళకు ఒకరు చెప్పాలా? "ఆ అమ్మాయి మీద ఏదో అన్నారటగా" అనే ఒక్క వాక్యంతో ఎన్ని బతుకులు తెల్లారిపోలేదు! ఆ అన్నది నిజం కాదని తర్వాత తేలినా, ఆ సంగతి ఇంటింటికీ వెళ్ళి చెప్పేవాళ్ళుండరు.

ఈ ముక్కే మా బన్సీలాల్‌పేటలో పక్కింటి పిన్నిగారితో అన్నాను. ఆవిడ బియ్యం ఏరుతూ నా వైపు చురుగ్గా చూసింది.

"బాగానే వుందమ్మా నీ జాలి! గుర్తు చెయ్యకపోతే మళ్ళీ వాళ్ళే వచ్చి గుమ్మంలో చేతులు జోడించి నిలబడతారు."

"గుర్తు చెయ్యొద్దనడం లేదు పిన్నిగారూ! పోటీ చేసేవాళ్ళు తమ మీదున్న కేసులేమిటో పత్రికల్లోనూ టీవీలోనూ ప్రకటించి తీరాలని 2018లో సుప్రీంకోర్టే చెప్పింది. ఓటేసేవాళ్ళకు తెలియాల్సిందే. అయితే మొత్తం తెలియాలి. మన మెట్లబావిని చూడండి. ఏళ్ళ తరబడి చెత్త పోసి పోసి, అక్కడ బావి వుందన్న సంగతే లేకుండా చేశారు. టన్నుల కొద్దీ చెత్త బయటికి తీసి 2022 డిసెంబరులో తెరిచాక గదా, కింద మెట్లున్నాయనీ నీళ్ళున్నాయనీ జనానికి తెలిసింది! రోజూ చెత్త పోసేవాడూ, పైన మట్టి కప్పి చదును చేసేవాడూ, ఇద్దరూ బావికి చేసేది ఒకటే. లోపలున్నదేదో పైకి తియ్యాలి. చెత్తయితే చెత్తని చెప్పాలి. నీళ్ళుంటే నీళ్ళున్నాయని కూడా చెప్పాలి."

పిన్నిగారు కాసేపు మాట్లాడలేదు. ఒక రాయి ఏరి పక్కన పడేసి, "అయితే పి.వి.గారి కేసు కొట్టేశారా? ఎప్పుడూ?" అంది.

"2002లో."

"పేపర్లో రాలేదే!"

ఆవిడ పొద్దున్నే పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మనిషి.