చేతిలో ఉన్న నాణెం ఎవరిది?



శుక్రవారం నాడు కహఫ్ సూరా పారాయణం చేసే అలవాటు మన ఇళ్ళలో చాలామందికి ఉంది. అందులోని గుహవాసుల (అస్‌హాబె కహఫ్) గాథ పిల్లలకు కూడా తెలుసు. విశ్వాసాన్ని కాపాడుకోవడానికి కొందరు యువకులు ఊరు విడిచి ఒక గుహలో తలదాచుకున్నారు. అల్లాహ్ వారిని ఎన్నో ఏళ్ళపాటు నిద్రలో ఉంచాడు. మేల్కొన్న తరువాత వారికి ఆకలి వేసింది. తమలో ఒకరి చేతికి వెండి నాణెం ఇచ్చి, పరిశుద్ధమైన ఆహారం కొని తెమ్మని, ఎవరికీ అనుమానం రాకుండా మెలగమని చెప్పి పట్నానికి పంపారు.

ఖుర్ఆన్ ఈ నాణెం ప్రస్తావనతో సరిపెట్టింది. బజారులో ఏం జరిగిందో వ్యాఖ్యాతలు (ముఫస్సిర్లు) పాత ఉల్లేఖనాల ఆధారంగా రాశారు. అంగడివాడు ఆ నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూశాడట. దానిపై ఎప్పుడో గతించిన రాజు ముద్ర ఉంది. పక్క అంగడివాళ్ళకు చూపించాడు. నలుగురూ పోగయ్యారు. నీకెక్కడో లంకెబిందెలు దొరికాయి, ఎక్కడో చెప్పమని నిలదీశారు. చివరికి అధికారి ముందు నిలబెట్టారు. అతడు తన తండ్రి పేరు, ఇంటి ఆనవాలు చెప్పాడు. ఆ పేరు ఎరిగిన మనిషి ఆ ఊళ్ళో ఒక్కడూ లేడు.

ఒక్క క్షణం ఆ యువకుడి స్థితి ఊహించండి. అతని దగ్గరున్నది సొంత సొమ్ము. దొంగిలించింది కాదు, తవ్వి తీసింది కాదు. అయినా అది తనదేనని రుజువు చేసుకునే దారి లేదు. హక్కు ఉండడం వేరు, ఆ హక్కుకు రుజువు ఉండడం వేరు. పాత నాణేలు సేకరించే వాళ్ళకు, తాతల నాటి నాణేలు పాన్‌దాన్‌లోనో, సందూకు అడుగునో దాచుకున్న వాళ్ళకు ఈ తేడా తెలిసి తీరాలి.

నాణేలు సేకరించే అభిరుచి తనంతట తాను తప్పు కాదు. బొమ్మలున్న నాణేలు ఇంట్లో ఉండవచ్చా అని కొందరు మథనపడుతుంటారు. మహాప్రవక్త (స) కాలంలో అరేబియాలో చెలామణి అయినవి రోము బంగారు దీనార్లు, పారశీక వెండి దిర్హములు. రెండింటిపైనా రాజుల బొమ్మలు ఉండేవి. ఖలీఫా అబ్దుల్ మలిక్ బిన్ మర్వాన్ హిజ్రీ 77లో బొమ్మలు లేని, అక్షరాలు మాత్రమే ఉన్న దీనార్లు ముద్రించేంత వరకు ముస్లిములు వాటితోనే క్రయవిక్రయాలు జరిపారు. కాబట్టి భయం ఉండవలసింది బొమ్మ గురించి కాదు, అది మన చేతికి వచ్చిన దారి గురించి. సొమ్ము ఎక్కడి నుంచి సంపాదించావు, ఎందులో ఖర్చు చేశావు అనే రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పనిదే ప్రళయదినాన దాసుని పాదం కదలదని ప్రవక్త (స) హెచ్చరించారు కదా!

ఇక వివాదం వస్తే ఏమిటి? దావా వేసినవాడు సాక్ష్యం చూపాలి, కాదన్నవాడు ప్రమాణం చేయాలి. ఇది షరీఅత్‌లో న్యాయవిచారణకు పునాది. వస్తువు ఎవరి చేతిలో ఉందో, వేరే రుజువు వచ్చేదాకా అది వారిదిగానే చూడాలని ధర్మవేత్తలు అన్నారు. మన దేశపు సాక్ష్య చట్టం కూడా ఇలాగే చెబుతుంది. వస్తువు స్వాధీనంలో ఉన్నవాడు యజమాని కాదనే వ్యక్తి మీదే దాన్ని నిరూపించే భారం ఉంటుంది. పాత 1872 చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం అమలులోకి వచ్చినా ఈ సూత్రం మారలేదు. అయితే దీన్ని చూసుకుని నిశ్చింతగా ఉండకూడదు. ఎదుటివాడు బలమైన సాక్ష్యం తెచ్చిన రోజున మన స్వాధీనం గాలికి ఎగిరిపోతుంది. దొంగ సొత్తు ఎన్ని చేతులు మారినా అసలు యజమానిదే. డబ్బిచ్చి కొన్నవాడు తన డబ్బు కోసం తనకు అమ్మినవాణ్ణి పట్టుకోవాలి తప్ప, వస్తువును తన దగ్గరే ఉంచుకోలేడు.

మొగల్ చక్రవర్తి జహంగీర్ పేరిట 1613లో ఆగ్రాలో ముద్రించిన, సుమారు 12 కిలోల బరువైన బంగారు మొహరు సంగతి హైదరాబాదు వాసులు వినే ఉంటారు. 1987లో అది జెనీవాలో వేలానికి వచ్చిందన్న వార్తతో మన దేశపు దర్యాప్తు సంస్థ సీబీఐ రంగంలోకి దిగింది. ఎవరి నుంచి ఎవరికి, ఏ కాగితంతో చేరిందన్న గొలుసు మధ్యలో తెగిపోతే చక్రవర్తి నాణేనికైనా ఇదే గతి. మన దగ్గరి రాగి దమ్మిడీ సంగతి చెప్పాలా!

భూమిలో దొరికే నాణేల విషయం మరింత సున్నితమైనది. కరీంనగర్ వైపు కోటిలింగాల, పెద్దబంకూరు లాంటి చోట్ల శాతవాహనుల నాణేలు బయటపడ్డాయి. పొలం దున్నేటప్పుడు, పునాది తీసేటప్పుడు కుండతో సహా నాణేలు దొరకడం మన ప్రాంతంలో వింత కాదు. ఇలా దొరికిన సొమ్మును ధర్మశాస్త్రం రెండు రకాలుగా చూసింది. మొదటిది పూర్వకాలపు నిక్షేపం, దాన్ని రికాజ్ అంటారు. అందులో ఐదో వంతు చెల్లించాలని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది. రెండోది ఎవరో పోగొట్టుకున్న సొమ్ము, లుఖతా. దాని సంచీని, మూతికి కట్టిన తాడును గుర్తు పెట్టుకుని, ఏడాదిపాటు చాటింపు వేసి, యజమాని కోసం వెదకాలి. ఆనవాళ్ళు గుర్తు పెట్టుకోమనడం ఎందుకు? వచ్చినవాడు నిజంగా యజమానేనా అని పరీక్షించడానికే.

మరి కుండలో దొరికిన నాణేలు రికాజా, లుఖతానా? హనఫీ ధర్మవేత్తల జవాబు చూడండి, నాణేన్నే అడగమన్నారు! దానిపై కలిమా వంటి ఇస్లామీయ చిహ్నం ఉంటే అది ముస్లిం సమాజంలో ఎవరో దాచుకున్నది కాబట్టి లుఖతా. ఇస్లాంకు ముందు కాలపు ముద్ర ఉంటే రికాజ్. శాసనాలు చదివే పండితుల పని అనుకునేదాన్ని మన పూర్వ ధర్మవేత్తలు హక్కుల నిర్ణయానికి వాడుకున్నారు. ఐదో వంతు పోగా మిగిలింది దొరికినవాడిదా, భూమి యజమానిదా అన్న విషయంలో ఇమాముల మధ్య భేదాభిప్రాయాలు ఉన్నాయి. వాటిలోకి ఇక్కడ వెళ్ళనక్కర లేదు, ఎందుకంటే మనం ఉంటున్న దేశంలో దీనికి స్పష్టమైన చట్టం ఉంది. చేసుకున్న ఒడంబడికలను నెరవేర్చమని ఖుర్ఆన్ ఆజ్ఞాపించింది. పౌరులుగా మనం ఒప్పుకున్న చట్టం, అది పాపం చేయమని చెప్పనంత వరకు, ఆ ఒడంబడికలో భాగమే.

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న, పది రూపాయలకు మించిన విలువ గల ఏ వస్తువు దొరికినా, ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజున అనే వివరాలతో కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచిపెడితే దొరికినవాడు తన వాటా కోల్పోతాడు. ఏడాది వరకు జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు. సమాచారం అందాక కలెక్టరు ప్రకటన చేసి, హక్కుదారులు ముందుకు రావడానికి కనీసం నాలుగు నెలల గడువు ఇస్తాడు. లుఖతా చాటింపు గుర్తుకు రావడం లేదూ? యజమాని ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి ముప్పావు వంతు, భూమి యజమానికి పావు వంతు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే ఆ లోహపు విలువకు మరో ఐదో వంతు కలిపి చెల్లిస్తుంది. ఇది మూల చట్టం. మన రాష్ట్రాల్లో సవరణలు, నియమాలు ఏమున్నాయో కలెక్టరు కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

కొందరు ఈ దారి వదిలి గుప్తనిధుల పేరిట మాంత్రికుల వెంట, ఆమిళ్ళ వెంట తిరుగుతున్నారు. పాత కోటల్లో, గుళ్ళలో, చివరికి సమాధుల దగ్గర కూడా రాత్రిళ్ళు తవ్వుతున్నారు. పరాయి చోటు తవ్వడం నేరం, అగోచర జ్ఞానం ఉందన్నవాణ్ణి నమ్మడం విశ్వాసానికే ముప్పు. అలా వచ్చిన నాణేలే మరునాడు సంతలో, పాత సామాన్ల అంగళ్ళలో తక్కువ ధరకు కనిపిస్తాయి. ఎక్కడిదని అడిగితే అమ్మేవాడు నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వును అర్థం చేసుకుని కూడా కొనేవాడు తనకేమీ తెలియదని అల్లాహ్ ముందు చెప్పగలడా? దొంగ సొత్తు అని తెలిసి తీసుకోవడం దేశ చట్టంలో కూడా శిక్షార్హమే.

కాబట్టి కొనేటప్పుడు అడగండి, రాయించుకోండి. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయతు నమాజు గురించో ఉపవాసం గురించో కాదు, అప్పు పత్రం రాసుకోవడం గురించి! చేతికి చేయి వ్యాపారంలో రాసుకోకపోయినా దోషం లేదని అందులో సడలింపు ఉంది, అయినా క్రయవిక్రయాలకు సాక్షులను పెట్టుకోమని అక్కడే చెప్పబడింది. నాణెం బరువు, రెండు వైపులా ఫొటో, అమ్మినవాని పేరు, తేదీ, ధర, అతనికి ఎలా వచ్చిందో ఒక మాట, కింద సంతకం. ఇంత రాసిన కాగితం ఉంటే చాలు. అమ్మేవాళ్ళు కూడా నకలును అసలుదని అంటగట్టకూడదు. తడిసిన ధాన్యాన్ని అడుగున దాచిన వర్తకుణ్ణి ప్రవక్త (స) ఎంత తీవ్రంగా మందలించారో మనకు తెలుసు.

గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసే సోదరులకు ఒక ముఖ్య విషయం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం కనీసం నూరేళ్ళు నిండిన నాణెం పురావస్తువే. అలాంటి వాటిని విదేశాలకు సొంతంగా తీసుకుపోవడం నిషిద్ధం. శిక్ష ఆరు నెలలకు తగ్గని, మూడేళ్ళ వరకు పొడిగించగల జైలు, దానిపై జరిమానా. నానీ జ్ఞాపకంగా చార్మినార్ రూపాయి దుబాయి తీసుకెళ్తే తప్పేమిటని అనుకోవచ్చు. ఆ రూపాయి మీద చార్మినార్ ద్వారం మధ్యలో మీమ్ అక్షరం ఉంటే అది 1911లో మరణించిన మీర్ మహబూబ్ అలీ ఖాన్ నాటిది, నూరేళ్ళు దాటినట్టే. అయిన్ అక్షరం ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది, అప్పుడు ఏడు చూసుకోవాలి. దానిపై ఉన్నది హిజ్రీ ఏడు. 1330 అని ఉంటే క్రీస్తుశకం 1912 ప్రాంతం అన్నమాట. వీటిని కొని అమ్మడమే వ్యాపారంగా పెట్టుకునేవారు లైసెన్సు తీసుకోవాలని కూడా ఆ చట్టంలో ఉంది.

జకాత్ సంగతి రెండు మాటల్లో. బంగారు, వెండి నాణేలు అభిరుచి కోసం దాచినా వాటి లోహం నిసాబ్ లెక్కలో చేరుతుంది, అంటే బంగారం ఏడున్నర తులాలు, వెండి యాభై రెండున్నర తులాలు. అమ్మకానికి పెట్టినవైతే, రాగివైనా సీసానివైనా, బజారు ధర మీద జకాత్ ఇవ్వాలి. సందేహాలుంటే మీ దగ్గరి ముఫ్తీని అడగండి.

ఇక కుటుంబాల్లో ఎక్కువగా గొడవలు వచ్చేది ఇక్కడే. తండ్రి పోయాక నాణేల పెట్టె పెద్దకొడుకు బీరువాలో ఉండిపోతుంది. నాన్న నాకే ఇచ్చాడని అతను అంటాడు. చెల్లెళ్ళకు చాలాసార్లు ఆ పెట్టె సంగతే చెప్పరు. బీరువాలో ఉన్నంత మాత్రాన అది అతనిది కాదు. బ్రతికి ఉండగా పూర్తిగా అప్పగించి ఇచ్చిన కానుక అయితే తప్ప, ప్రతి నాణెంలోనూ వారసులందరికీ వాటా ఉంది. పాత నాణేల విలువ వెండి ధరకు పదింతలు కూడా ఉండవచ్చు కాబట్టి, తూకం వేసి చెల్లెలి చేతిలో నాలుగు కాసులు పెట్టడం న్యాయం కాదు. తెలిసినవారితో ఖరీదు కట్టించి పంచుకోవాలి.

ఇలాంటి తగాదాతోనే ఇద్దరు మనుషులు ప్రవక్త (స) సన్నిధికి వచ్చారని హజ్రత్ ఉమ్మె సలమా (రజి) తెలిపారు. పాత వారసత్వపు ఆస్తి, ఇద్దరి దగ్గరా నోటిమాట తప్ప సాక్ష్యం లేదు. అప్పుడాయన (స) తాను కూడా మనిషినేనని, మీలో ఒకరు మాటనేర్పుతో తన వాదన గెలిపించుకోవచ్చని, తాను విన్నదాన్ని బట్టే తీర్పు ఇస్తానని అన్నారు. అలా ఎవరికైనా సోదరుని హక్కు దక్కితే దాన్ని తీసుకోవద్దని, అది నిప్పు ముక్క అని హెచ్చరించారు. ఆ మాట విని ఇద్దరూ ఏడ్చారు. నా వాటా కూడా నువ్వే తీసుకో అని ఒకరితో ఒకరు అన్నారు. అయితే ప్రవక్త (స) వారిని అలాగే వదిలేయలేదు. న్యాయంగా భాగాలు చేసుకోమని, చీటీలు వేసుకుని ఎవరి భాగం వారు తీసుకోమని, ఆ తరువాత పొరపాటున ఏదైనా అటూ ఇటూ పోయి ఉంటే ఒకరికొకరు మాఫీ చేసుకోమని చెప్పి పంపారు.