శోకమునకు ముగింపు వ్రాయవచ్చునా?

దుఃఖమున మునిగి విశ్వాసమును గోల్పోయినవారికి గ్రంథాంతమున దానిని మరల నిచ్చు కథలు క్రైస్తవ వాఙ్మయమున ననేకములు గలవు. పూర్వకాలమును రంగముగా జేసికొని మృదువుగా సాగు నట్టి నవలలను జదివి యూరడిల్లువారు పెక్కురు. అయినను ఒక సందేహము. కథకుడు పాత్రకిచ్చిన యోదార్పు చదువరికి నిజముగా జెందునా? లేక యది తీపి పూసిన యసత్యమా?

ఈ ప్రశ్న నాకు పుస్తకములవలన గలిగినది కాదు. నర్సీపట్నమున నాతో బనిచేయు నొక క్రైస్తవోపాధ్యాయుని కూతురు జ్వరముతో మరణించెను. ఏమి పలుకవలెనో తెలియక అట్టి నవల నొకదాని నాయన చేత బెట్టితిని. వారము దినములకు దానిని దిరిగి యిచ్చుచు, "మాస్టారూ, ఆ తల్లికి కడపటి ప్రకరణము దొరికినది. నేనింకను మొదటి ప్రకరణమునందే యున్నాను" అనెను. నాకు సిగ్గు గలిగెను. నేనిచ్చినది యోదార్పు కాదు; త్వరగా ఏడుపు మానుమను నాజ్ఞ!

అట్లయిన సుఖాంతమే తప్పా? కాదు. రామాయణమున సీత భూమిని బ్రవేశించెను. భవభూతి యుత్తరరామచరితమున సీతారాములను మరల గలిపెను. కాని యంతకుముందు తృతీయాంకమున రాముని వనమునకు దెచ్చి, సీత యదృశ్యయై చూచుచుండగా మూర్ఛిల్లునంతగా విలపింపజేసెను. ఆ శోకమును దాటి వచ్చినందుననే యా సంయోగమును మనము నమ్ముచున్నాము.

ఆంగ్లకవి టెన్నిసన్ మిత్రుడైన హాలము 1833లో మరణించెను. ఆ స్మృతికావ్యము వెలువడినది 1850లో. సందేహమునుండి విశ్వాసమునకు నడచుటకు మహాకవికే పదునేడేండ్లు పట్టినప్పుడు, మన నవలాకారులు ఇరువది పుటలలో నేల ముగింపవలెను?

మన తీరమునందే చూడుడు. 1864 నవంబరు 1వ తేదీన బందరుపై విరుచుకుపడిన తుపానులో సముద్రము పట్టణమును ముంచివేయగా దాదాపు 30,000 మంది మరణించిరి. 1843లో నచ్చట పాఠశాల స్థాపించిన రాబర్టు నోబిల్ దొర యా యుత్పాతమును జూచి, మరుసటి యేట గన్నుమూసెను. ఆ రాత్రి సర్వమును గోల్పోయిన తల్లి నొకతెను గూర్చి యెవరైన కథ వ్రాయుదురుగాక. తెల్లవారుసరికి ఆమెచేత స్తోత్రము పాడించినచో నది చచ్చినవారికిని బ్రదికినవారికిని అవమానము. శవములను వెదకిన దినములను, పిలుపునకు బలుకని యింటిని, ప్రార్థింపనొల్లని నోటిని జూపిన పిమ్మట నామె మరల మోకరిల్లినచో నది సత్యము.

బాధపడువానికి సత్యముకంటె ఔషధమే ముఖ్యమని కొందరందురు. ఔషధమునకును వేళ గలదు. యోహాను సువార్త పదునొకండవ యధ్యాయమున లాజరును లేపబోవుచున్నానని యెరిగియు క్రీస్తు గన్నీరు విడిచెను. కడపటి ప్రకరణము నెరిగినవాడే యేడ్చినప్పుడు, ఎరుగనివారి యేడుపును దొందరపెట్టుటకు మనమెవరము?

మరల గలిగిన విశ్వాసము పూర్వపు విశ్వాసమే కాదు. మొదటిది, ఆపద రాదను నమ్మకము. రెండవది, వచ్చిన యాపదను మోయుచునే దేవునితో మాటలాడుట. ఈ భేదమును జూపు కథ యెంత మృదువుగా నున్నను అసత్యము కానేరదు.

కొన్ని నెలలకు మా మిత్రుడా పుస్తకమును దనంతట దానే యడిగి తీసికొనిపోయెను. చదివెనో లేదో నేనడుగలేదు. అడుగకుండుటయే యప్పటి నా ధర్మమని తలచితిని.