పాత రంపము, పొరుగువాని చేయి

చదువరీ, మీ వడ్రంగి షెడ్డులో 40 ఏండ్లనాటి బల్లరంపము ఒకటి ఉన్నదని అనుకొనుడి. పోత ఇనుప బల్ల, దాని నడిమి చీలికలోనుండి పైకి తేలి గిరగిర తిరుగు గుండ్రని బ్లేడు, క్రింద మోటారు, నడుమ బెల్టు. ఎన్నో ఇండ్ల ద్వారబంధములు, కిటికీ రెక్కలు, బడిబల్లలు దానిమీదనే కోయబడినవి. ఇప్పుడది మూలుగుచున్నది. కోత వంకరపోవుచున్నది. కర్ర అంచు మాడి నల్లబడుచున్నది. దానిని బాగుచేయింతురా, తీసివేసి కొత్తది కొందురా?

ఇది లెక్కల ప్రశ్న గాని మనస్సాక్షి ప్రశ్న కాదని మీరు అనవచ్చును. మరమ్మతు ఖర్చు కొత్తదాని వెలలో సగము దాటినచో పాతదానిని వదలుకొనుమని కొందరు చెప్పుదురు. వినుటకు బాగుగనే ఉన్నది. అయితే ఆ లెక్కలో ఒక పద్దు ఎక్కలేదు. రంపమునకు యజమాని ఒకడు, దాని ముందు నిలుచువాడు తరచుగా మరియొకడు. ఖర్చు యజమాని పుస్తకములో పడును. వ్రేళ్లు మాత్రము పనివానివి. ఒకని డబ్బు, వేరొకని శరీరము ఒకే త్రాసులో తూగుచున్నప్పుడు అది వట్టి లెక్కగా ఎట్లుండగలదు?

మొదట దాని రోగమేమో తెలిసికొనవలెను. కర్ర మాడినంతమాత్రమున యంత్రము చచ్చినదని తీర్పు తీర్చకుడి. తరచుగా అది మొద్దుబారిన బ్లేడు చేయు పని; పదును పెట్టించినచో సగము మూలుగు ఆగిపోవును. ఆగనియెడల, స్విచ్చి ఆపి ఊరకుండక, కరెంటు తీగనే ఊడదీసి, బెల్టు తీసివేసి, బ్లేడును చేతితో మెల్లగా త్రిప్పి చూడుడి. గరగరమను శబ్దము వచ్చినచో షాఫ్టు బేరింగులు అరిగినవి. అవి సాధారణముగా రెండే ఉండును. వాటి ప్రక్కన చెక్కియున్న సంఖ్య వ్రాసికొని పోయినచో పట్టణములోని బేరింగుల దుకాణములో వాటి జోడు దొరకుట కష్టము కాదు. కాలిన మోటారునకు తీగ చుట్టువారు ఎక్కడను కలరు. మన పొలములలో పంపుసెట్లు కాలుచున్నంతకాలము వారికి పనిలేకపోదు. ఇక బల్లమీది తుప్పు చూచి బెదరిపోవువారున్నారు. కిరసనాయిలుతో తడిపి, సన్నని ఉప్పుకాగితముతో రుద్ది, మైనము పూసినయెడల ఆ బల్ల మరల కర్రను జారనిచ్చును. తుప్పు చాలవరకు చర్మవ్యాధియే గాని ఎముకలలోని రోగము కాదు.

బీట మాత్రము వేరు. షాఫ్టును మోయు పోత ఇనుపభాగము బీటవారినచో, ఎవరో వెల్డింగు చేసి ఇచ్చినారని నమ్మి దానిముందు మనిషిని నిలువబెట్టకూడదు. పోత ఇనుము అతుకును అంత సులభముగా అంగీకరించు లోహము కాదు. బేరింగులు మార్చిన తరువాతను బ్లేడు ఊగుచున్నచో షాఫ్టే వంగినదేమో చూడవలెను. ఆ షాఫ్టు దొరకక, లేతు మిషనుమీద చేయించుటయు వీలుకానప్పుడు ఆ యంత్రము కాలము తీరినదనుట న్యాయమే.

ఇంతవరకు చెప్పినది యంత్రమునకు పట్టిన జబ్బులను గూర్చి. దానికంటె పెద్ద సంగతి, ఆ యంత్రమునకు పుట్టుకతోనే లేనిది, లేక ఉండియు మనము ఊడదీసినది. ఇది మూలుగదు, మాడదు, ఏ చప్పుడును చేయదు; అందుచేత దీనిని ఎవరును రోగముగా ఎంచరు.

10 అంగుళముల బ్లేడు నిమిషమునకు 4,000 చుట్లు తిరుగుచున్నచో దాని పండ్ల వేగము సెకనుకు సుమారు 53 మీటర్లు, అనగా గంటకు 190 కిలోమీటర్లు. బ్లేడు ముందువైపు పండ్లు కర్రను క్రిందికి, బల్లమీదికి నొక్కుచుండును. వెనుకవైపు పండ్లు పైకి లేచుచుండును. సరిగా ఎండని వేపయో తుమ్మయో కోయునప్పుడు, కోసిన చీలిక వెనుక మూసికొని బ్లేడును బిగించును. ప్రక్కన కర్రకు ఆనికగా నుండు గైడు వెనుక కొన వెంట్రుకవాసి బ్లేడు వైపునకు ఒరిగియున్నను అంతే. అప్పుడు వెనుకవైపు పండ్లు కర్రను ఎత్తి పనివానిమీదికే విసరును. కర్రను నెట్టుచున్న చేయి ఆ కుదుపులో బ్లేడుమీదికి పోవచ్చును. మనిషి తప్పుకొందమని తలచులోపలనే అంతయు అయిపోవును. అనుభవశాలికి ఇట్లు జరుగదని చెప్పువారితో నేను ఏకీభవింపను. అనుభవము చేతికి నేర్పును గాని, కర్ర లోపలి బిగువును చేతికి ముందుగా చెప్పలేదు.

దీనికి మందు ఒక చిన్న ఇనుప రెక్క. బ్లేడు వెనుక, దాని వరుసలోనే నిలిచి, బ్లేడుతోకూడ లేచుచు దిగుచు, కోసిన చీలిక మూసికొనకుండ పట్టియుంచును. రివింగ్ నైఫ్ అని దాని పేరు. బ్లేడుపైన ఒక మూత, చివరి జానెడు కర్రను నెట్టుటకు ఒక తోపుడు కర్ర, ఇవియు కావలెను. మన దేశములో మరియొకటి కూడ అవసరము: కరెంటు పోయి మరల వచ్చినప్పుడు తనంతట తాను తిరుగనారంభింపని స్టార్టరు. మామూలు స్విచ్చి ఆన్‌లోనే ఉండిపోయినచో, ఆగియున్న బ్లేడును శుభ్రము చేయుచున్న చేతిక్రింద అది ఒక్కసారిగా లేచును. పాత యంత్రములు పెక్కింటిలో రెక్క లేదు. మూత ఉండినను, అడ్డముగా ఉన్నదని ఎవరో ఊడదీసినారు. అట్టి మూత గోడకు వ్రేలాడుచు దుమ్ము పట్టియుండుట మీరును చూచియుందురు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు 21వ విభాగము యంత్రముల ప్రమాదకరమైన భాగములను గట్టి కాపులతో కప్పవలెనని విధించెను. కాని కరెంటుతో నడుచు చోట పదిమంది పనివారున్నప్పుడే అది ఫ్యాక్టరీ అనబడెను. 2025 నవంబరులో దాని స్థానమున అమలులోనికి వచ్చిన కోడు ఆ హద్దును ఇరువదికి పెంచినది. మన వడ్రంగి షెడ్లలో నలుగురైదుగురు పనిచేయుదురు. అక్కడ ఇన్స్పెక్టరు కన్ను పడదు. యజమాని కన్నే పడవలెను.

కొత్త యంత్రము పక్షమున చెప్పవలసిన బలమైన మాట ఒకటి కలదు. అమెరికాలో స్టీఫెన్ గాస్ అనువాడు 1999లో ఒక ఉపాయము కనిపెట్టెను. బ్లేడులో స్వల్పమైన విద్యుత్ సంకేతము ప్రవహించుచుండును. మనిషి చర్మము తాకగానే అది మారును. తక్షణమే ఒక అల్యూమినియము దిమ్మ పండ్లలోనికి దూసికొనిపోయి బ్లేడును 5 మిల్లీసెకన్లలోగా ఆపివేయును. చేయి మామూలు వేగముతో కదలుచున్నంతవరకు గాయము గీతతో సరిపోవును. ఆ దిమ్మయు బ్లేడును నష్టమగును. తడికర్రకును ఒక్కొక్కప్పుడు ఆ యంత్రము మోసపోవును. అయినను ఆ మనుష్యుడు తన వ్రేలినే బ్లేడునకు ఆనించి పరీక్షించెనను సంగతిని నేను గౌరవింతును. 2004 నుండి ఆ రంపములు అమ్మకములో ఉన్నవి. ఎంత అవసరమో తెలియవలెనన్నచో, 2015 ఒక్క సంవత్సరములోనే అమెరికాలో బల్లరంపపు బ్లేడు తగిలి అత్యవసర చికిత్సకు పోయినవారు సుమారు 30,800 మందియని అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ అంచనా వేసెను. ఇట్టి యేర్పాటును మీ పాత యంత్రమునకు బిగింప వీలులేదు. డబ్బు కలిగి, పనివారు కలిగియున్నవాడు, నా తండ్రి వాడిన రంపమని మమకారముతో పాతదానినే పట్టుకొనియుండుట పితృభక్తి అనిపించుకొనదు. తండ్రి వ్రేళ్లు పోలేదు గనుక ఎవరివియు పోవని తలచుట భక్తియా?

ఈ ప్రశ్న రంపముకంటె పాతది. సుమారు 3,750 ఏండ్ల క్రిందటి హమ్మురాబి శాసనములలో పొడుచు ఎద్దును గూర్చిన సూత్రము కలదు. ఎద్దు పొడుచునదని పేటవారు హెచ్చరించినను దాని కొమ్ములకు తొడుగు వేయక, కట్టివేయక విడిచిన యజమాని, అది మనుష్యుని చంపినప్పుడు వెండి చెల్లింపవలెను. నిర్గమకాండము 21వ అధ్యాయములోని విధి ఇంకను కఠినము; హెచ్చరిక వినియు కాపు పెట్టనివాని ప్రాణమునే అది అడిగెను. రెండింటిలోను తెలియని యజమాని వేరు, తెలిసిన యజమాని వేరు. మీరు ఇంతవరకు చదివితిరి గనుక తెలిసినవారి వరుసలోనికి వచ్చితిరి. అందుకు నన్ను క్షమింపుడి.

ఇక్కడ తెలిసినవారు పెక్కుమంది తప్పించుకొను త్రోవ ఒకటి కలదు. పాతదానిని అమ్మివేసి కొత్తది తెచ్చుకొందురు. మన షెడ్డు భద్రమైనది, చేతికి నాలుగు డబ్బులును వచ్చినవి. పాత రంపము ఎక్కడికి పోయినది? మీకంటె బీదవాని షెడ్డునకు పోయినది. అక్కడ వెలుతురు తక్కువ, స్థలము ఇరుకు, పనిలో చేరినవాడు నిన్నటివరకు బడికి పోయిన కుర్రవాడు. ఎద్దు చేతులు మారినది గాని కొమ్ములు మారలేదు. మన చేతికి తగదని మనమే తీర్పు తీర్చినదానిని మరియొకని చేతికిచ్చి దానికి వెల పుచ్చుకొంటిమి. బాగుచేయుటయా, మార్చుటయా అని మనము తర్జనభర్జన పడుచుండగా, అసలు ప్రశ్న ఈ మూలను కూర్చుండియున్నది.

దీనికి ఒక జవాబు కలదు, దానిని తేలికగా త్రోసివేయరాదు. ఆ బీద వడ్రంగి చేతిరంపముతో రోజంతయు కోయుచున్నాడు. అతని నడుము విరుగుచున్నది. కొత్త యంత్రము కొనుటకు అతని సంపాదన చాలదు. పాతది అమ్మనని మీరు పట్టుపట్టినచో అతడు దీనికంటె హీనమైనదానిని, రేకుబల్లకు మోటారు బిగించి ఎవరో చేసినదానిని కొనును. మీ మనస్సాక్షి శుభ్రముగా ఉండుటకు అతడు మూల్యము చెల్లింపవలెనా? ఈ మాటలో నిజమున్నది. అతనికి ఆ యంత్రము కావలెననుటలో సందేహము లేదు. అయితే అతనికి కావలసినది కోయు యంత్రము. మూత లేకపోవుట అతడు కోరినది కాదు, వెల తగ్గుటకు దానిని సహించుచున్నాడు. ఒక రెక్కయు మూతయు కమ్మరివానిచేత చేయించి, గైడు సరిచేసి, మంచి స్టార్టరు బిగించి ఇచ్చుట కొత్తది కొనగలవానికి మోయరాని భారము కాదు. ఆ ఖర్చును వెలలో కలుపుకొనుట న్యాయమే. కొంత విడిచిపెట్టుట ఇంకను మంచిది.

కాబట్టి కొత్తది కొన్నంతమాత్రమున పాతదాని మరమ్మతు తప్పిపోలేదు. అమ్మదగినంత మంచిదైనచో అది మొదట బాగుచేయదగినది. బాగుచేసిన తరువాత, కొందరికి కొత్తది కొనవలసిన అవసరమే కనబడకపోవచ్చును, అదియు మేలే. రెక్క బిగించుటకు తావులేనిదై, షాఫ్టు వంగి, పోత బీటవారియున్నచో అది రంపముగా ఎవరికిని అమ్మదగినది కాదు.

నిర్ణయించుటకు ముందు దానిముందు నిలుచువానిని అడుగుడి. యజమాని వద్ద యంత్రమును దూషింప జంకును గనుక, ఇది మంచిదేనా అని అడిగినచో అవుననును. ఏ కర్ర కోయునప్పుడు నీకు భయమగును, ఎప్పుడు ప్రక్కకు తొలగి నిలుతువు అని అడుగుడి. బ్లేడును ఎంత ఎత్తు లేపినప్పుడు వణుకునో, ఏ కొలతలో గైడు జారునో అతడు చెప్పును. మెకానిక్కునకు దొరకని రోగము అతని మోచేతికి తెలియును.

కాలము తీరిన రంపమును తుక్కుకే వేయుడి. మోటారు మంచిదైనచో విప్పి ఉంచుకొనుడి. చదునైన పోత ఇనుపబల్ల జిగురు పెట్టిన చెక్కలను తిన్నగా అమర్చుకొనుటకు ఎన్నియో ఏండ్లు పనికివచ్చును. తుక్కు వర్తకుని బండి వచ్చువేళకు ఆ షాఫ్టును ఇనుపరంపముతో రెండుగా కోసి ఉంచుడి, లేనియెడల వారములోగా అది వేరొక సంతలో బ్లేడు తొడుగుకొని నిలిచియుండును.