ప్రారబ్ధమని దాచుకునే గుండెనొప్పి

కొత్త బిళ్ళ మొదలుపెట్టాక గుండెల్లో బరువుగా ఉంటే, కనకాలపేటలోనైనా కాకినాడలోనైనా మన పెద్దవాళ్ళు ముందు గ్యాస్ అంటారు. తగ్గకపోతే ప్రారబ్ధం అంటారు. డాక్టర్‌కు మాత్రం చెప్పరు. ఆయన రాసిన మందును తప్పుపట్టినట్టవుతుందని ఒక జంకు, అనుభవించాల్సిన కర్మ గురించి ఫిర్యాదు చేయకూడదని ఒక నమ్మకం. జంకు అర్థమవుతుంది. ఆ నమ్మకానికి మాత్రం మన శాస్త్రంలో ఆధారం ఉందని నేను అనుకోను. ఆయుర్దాయం ముందే నిర్ణయమైపోయిందా అన్న ప్రశ్నను చరకసంహిత విమానస్థానం సూటిగానే ఎత్తుకుంది. పూర్వజన్మలో చేసినది దైవం, ఈ జన్మలో చేసేది పురుషకారం. బలమైన పురుషకారం బలహీనమైన దైవాన్ని అణచగలదని అక్కడి జవాబు. అంతా ముందే రాసి ఉంటే ఇక వైద్యమెందుకని కూడా ఆ గ్రంథమే వాదిస్తుంది. యుక్తితో వాడితే తీక్ష్ణమైన విషమూ మందవుతుందని, తప్పుగా వాడితే మందే విషమవుతుందని సూత్రస్థానం చెబుతుంది. మందు కీడు చేయవచ్చని ఒప్పుకున్న సంప్రదాయం, ఆ కీడును నోరుమూసుకుని భరించమని ఎందుకు చెబుతుంది?

నా నొప్పికి కారణం మందో, వయసో, కర్మో నాకెలా తెలుస్తుందని అడగవచ్చు. నిజమే, ఒక్కరికి తెలియదు. రోఫెకాక్సిబ్ కథ చూడండి. కీళ్ళనొప్పులకు వాడే ఈ బిళ్ళకు 1999లో అమెరికాలో అనుమతి వచ్చింది. వేసుకునేవాళ్ళలో చాలామంది వయసు మళ్ళినవాళ్ళే కాబట్టి, ఎవరికైనా గుండెపోటు వస్తే అది వయసు ఖాతాలోకే పోయేది. అసలు మందు వేసుకున్నవాళ్ళనూ, మందులేని ఉత్తబిళ్ళ వేసుకున్నవాళ్ళనూ పోల్చి చూసిన ఒక పరీక్షలో 18 నెలలు దాటాక తేడా బయటపడింది. 2004 సెప్టెంబర్ 30న ఆ మందును ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. ఆ డిసెంబర్‌లో మన దేశం నిషేధించింది. ఒక్కొక్క ఇంట్లో విధిలా కనిపించినది, అందరినీ కలిపి లెక్కిస్తే కారణంగా తేలింది. చెప్పని నొప్పి ఏ లెక్కలోకీ ఎక్కదు. నొప్పి చెప్పుకోవడం అదే బిళ్ళ రేపు వేసుకోబోయేవాడి పట్ల ధర్మమని నేననేది అందుకే.

ఇవన్నీ చెబితే జనం భయపడి మందులు మానేస్తారన్న అభ్యంతరంలో బలముంది. రక్తపోటుకూ గుండెజబ్బుకూ వాడే బీటా బ్లాకర్లను ఒక్కసారిగా ఆపేస్తే ఛాతీనొప్పి, గుండెపోటు కూడా రావచ్చు. మరోవైపు కొన్ని నొప్పులకు గుండెతో సంబంధమే ఉండదు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ను గుక్కెడు నీళ్ళతో మింగి వెంటనే పడుకుంటే, అది అన్నవాహికలోనే అంటుకుని పుండు చేయవచ్చు. ముద్ద మింగినప్పుడల్లా రొమ్ము ఎముక వెనక మండుతుంది. నిండు గ్లాసు నీళ్ళు తాగి కాసేపు కూర్చుంటే చాలావరకు తప్పే బాధ అది. ఇలాంటి తేడాలు తేల్చడం రోగి పని కాదు. దాచకుండా చెప్పడం వరకే అతని వంతు.

ఛాతీ నొక్కేసినట్టుండి, చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో పాకితే ఏ మందువల్లో ఆలోచిస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. మిగతా అనుమానాలు మందు రాసిన డాక్టర్‌కు చెప్పండి, ఆయనను అడగకుండా మందు ఆపకండి. మందుల చెడు ఫలితాలను నమోదు చేసుకునే జాతీయ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. 1800-180-3024 నంబరుకు రోగి కూడా నేరుగా చెప్పవచ్చు.