లోయ వాకిట
చదువుడి: మార్కు 6:30-32; సామెతలు 22:3



అలసిన శిష్యులను ప్రభువు విశ్రాంతికై అరణ్యప్రదేశమునకు పిలిచెను. నేడును అనేకులు అట్టి నిర్జన స్థలములకు వెళ్లుచున్నారు. అమెరికాలో యూటా, అరిజోనా రాష్ట్రముల సరిహద్దున పరియా అను ఎడారి లోయ యున్నది. 1984లో ప్రభుత్వము దానిని చట్టముచేత అరణ్యముగా కాపాడెను. అక్కడ రాత్రి బసకు దినమునకు 20 మందికే అనుమతి. దాని శాఖయైన బక్‌స్కిన్ లోయలో ఎత్తయిన రాతిగోడల నడుమ, కొన్ని చోట్ల ఒక మనుష్యుడు నడుచునంత సందు మాత్రమే యుండును.

అక్కడి అపాయము కంటికి కనబడదు. తలపైన ఆకాశము నిర్మలముగా నుండగనే, మైళ్ల దూరమున కురిసిన వాన వరదయై వచ్చును. ఆ ప్రాంతమందే, ఆంటెలోప్ లోయలో, 1997 ఆగస్టు 12న అట్టి వరదలో 11 మంది మరణించిరి. కొండవాగులు దాటు మనకును ఈ సంగతి తెలియును.

లోపలికి పోయిన తరువాత గోడలెక్కుటకు వీలులేదు. కావున వెళ్లువారు వాకిటనే వాతావరణమును విచారించి, వానసూచన యున్నయెడల తిరిగిపోవలెను. ఇంత దూరము వచ్చితిమే అని సిగ్గుపడరాదు.

శోధనయు అట్టిదే. మొదటి గుక్క, మొదటి పందెము, మొదటి అబద్ధము నాడు ఆకాశము తేటగానే యుండును. ఇరుకున పడినవాని మొఱ్ఱను సయితము ప్రభువు వినును. అయినను వాకిటనే ఆగుట మేలు. నేడు నీవు ఏ వాకిట నిలిచియున్నావు?